ముంబై రోడ్డు పక్కన నాలుగు ముద్దలు

శనివారం సాయంత్రమైతే హైదరాబాద్ కార్లు ముత్తంగి దాటి సంగారెడ్డి వైపు బారులు తీరతాయి. నాటుకోడి, జొన్నరొట్టె, తందూరీ, మందీ బోర్డులు దారి పొడవునా వెలుగుతుంటాయి. వాటిని చూసిన కొత్తవాళ్లకు ఇక్కడ బయటి తిండి అంటే షికారు వ్యవహారమే అనిపిస్తుంది. నిజానికి ఈ దారిలో హోటళ్లనూ బండ్లనూ నిలబెట్టింది ఇంట్లో పొయ్యి లేనివాళ్లు, ఉన్నా ఆ పూటకు దాన్ని చేరుకోలేనివాళ్లు. సరదాగా తినేవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

వెనకటి బాటసారికి డబ్బిచ్చి అన్నం కొనుక్కునే అలవాటు తక్కువ. గోల్కొండకు దగ్గర్లో, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇప్పటికీ ఉంది. మనుషులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ చోటు. సరాయి ఇచ్చేది ముఖ్యంగా నీడా నీళ్లూ. వంట ఎవరిది వారిదే, లేదా సద్ది మూట. ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న కులం లెక్క గట్టిగా ఉన్న కాలంలో, వండిన అన్నం అంగట్లో సరుకు కావడం అంత తేలిక కాదు.

1874లో నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. కానీ అది శంకర్‌పల్లి మీదుగా పోయింది, సంగారెడ్డిని తాకలేదు. సంగారెడ్డి పట్టణానికి ఈనాటికీ రైలు స్టేషను లేదు. అందుకే ఇక్కడి తిండి కథంతా రోడ్డు కథే. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పటి మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డి కాబట్టి కోర్టు పేషీకి, కచేరీ పనికి పల్లెల నుంచి జనం అక్కడికే రావాల్సి వచ్చేది. వకీలు దొరికేదాకా, సాబ్ సంతకం అయ్యేదాకా కూర్చోవడానికి ఒక బెంచీ, ఒక చాయ్, రెండు సమోసాలు కావాల్సి వచ్చేవి. బస్టాండు హోటలు బతికింది వాళ్లమీదనే. ఊళ్లల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన రోజుల్లో, పట్నం హోటల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చుని తాగిన చాయ్‌కి చాలామంది జీవితాల్లో పెద్ద విలువే ఉండి ఉంటుంది. చరిత్ర పుస్తకాలు ఆ బెంచీని పట్టించుకోలేదు.

అసలు మలుపు ఫ్యాక్టరీలతో వచ్చింది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరు పక్కన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఆ దశకంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. తర్వాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం. ఒక్కో గేటు ముందు ఒక్కో చాయ్ బండి.

బండ్లు అన్ని గేట్ల దగ్గరా ఒకేలా పెరగలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలోనే క్యాంటీన్ పెట్టాలని ప్రభుత్వం ఆదేశించగలిగేది. బీహెచ్‌ఈఎల్ లాంటి పెద్ద సంస్థల్లో సబ్సిడీ క్యాంటీన్ ఉంటుంది, అక్కడి ఉద్యోగి బయటికి వచ్చేది చాయ్‌కీ కబుర్లకీ. పటాన్‌చెరు చుట్టూ మొలిచిన మందుల, రసాయనాల, ఇనుప పనుల చిన్న యూనిట్లలో చాలావాటికి ఆ లెక్క వర్తించలేదు. అక్కడి కార్మికుడికి క్యాంటీన్ అంటే గేటు బయటి బండే. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక కోడ్ ఆ అంకెను 100కు దించి, కాంట్రాక్టు కార్మికులనూ లెక్కలో కలిపింది. అప్పటికే నాలుగైదు దశాబ్దాల పాటు ఈ ప్రాంతపు ఆకలి బాధ్యతను బండ్లూ మెస్సులూ మోశాయి.

ఆ వ్యాపారానికి గడియారం షిఫ్టు. రాత్రి షిఫ్టు దిగేవాడూ పొద్దుటి షిఫ్టు ఎక్కేవాడూ ఒకే పెనం దగ్గర కలుస్తారు. ఒకడికి అది రాత్రి భోజనం, ఇంకొకడికి టిఫిన్. ఇడ్లీ, బోండా, పూరీ అయితే ఒంటి చేత్తో తినొచ్చు, పార్సిల్ కట్టించుకోవచ్చు. మెస్సులో ఖాతా పుస్తకం ఉంటుంది, జీతాల రోజున లెక్క తేలుతుంది. జీతం ఆలస్యమైతే కంపెనీ అప్పు మెస్సు ఓనరు మోసినట్టే.

నీళ్లది ఇంకో కథ. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరాయి, ఊళ్ల బావులూ బోర్లూ చెడిపోయాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. బోరు నీళ్లను నమ్మలేని చోట హోటలు నడపడమంటే పప్పూ బియ్యంతో పాటు నీళ్లనూ కొనడమే. ప్లేటు భోజనం ధరలో ఆ ఖర్చూ కలిసే ఉంటుంది.

ఇక జొన్నరొట్టె. మెదక్ మెట్ట పల్లెల్లో ఒకప్పుడు అది రోజువారీ తిండి, వరి అన్నం పండగకో చుట్టాలొస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ లెక్క తిరగబడింది. తెల్లన్నం ప్రతి ఇంటికీ చేరింది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రొట్టె మాత్రం ఇళ్లల్లోంచి మెల్లగా జారింది. జొన్న మీద పరిశోధించే ఇక్రిశాట్ అదే రోడ్డు మీద ఉండగానే ఇదంతా జరిగింది. అదే 1983లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దళిత మహిళా రైతుల సంఘాలతో పాత పంటలను తిరిగి చేలల్లోకి తెచ్చింది, జహీరాబాద్‌లో చిరుధాన్యాల హోటలే తెరిచింది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది కూడా అదే. ఇవాళ దాబాల్లో జొన్నరొట్టె స్పెషల్ ఐటం. పేదింటి రొట్టెకు కార్లలో వచ్చేవాళ్లు కోరి డబ్బిస్తున్నారు. దాన్ని ఎద్దేవా చేయబుద్ధి కాదు, ఎందుకంటే పెనం దగ్గర కూర్చుని రొట్టె కొట్టే ఆడమనిషి చేతిలో ఉన్న విద్యకు ఇప్పుడు కూలి గిట్టుతోంది.

దాబా అన్న సంగతి మాత్రం లారీలతో పాటు ఉత్తరాది నుంచి వచ్చిందే. మంచం, పప్పు తడ్కా, రోటీ. ఇది ముంబై దారి కాబట్టి అది ఇక్కడ తేలిగ్గా కుదురుకుంది. లారీలు తెచ్చింది దాబాను, ఫ్యాక్టరీలు తెచ్చింది ఆ తిండి తినే మనుషులను. ఇస్నాపూర్, పాశమైలారం గదుల్లో బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఉంటారు. వాళ్లకోసం లిట్టీ వచ్చింది, రోటీ సబ్జీ వచ్చింది, తెలుగు ఓనర్లకు హిందీ వచ్చింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల ఊళ్ల పేర్లు చదివితే ఆ బండ్ల దగ్గర రోజూ ఎవరు తింటున్నారో తెలిసింది.

అంతకు ముందే, 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతపడ్డాయి. లారీవాళ్లు ఆకలితో పోకూడదని కేంద్రం ఏప్రిల్ 20 నుంచి రహదారి దాబాలకు సడలింపు ఇచ్చింది. గదుల్లో చిక్కుకున్న కార్మికుడికి అలాంటి ఏర్పాటేదీ లేదు. ఏప్రిల్ 29న కంది ఐఐటీ భవనాలు కడుతున్న వలస కార్మికులు జీతాల కోసం, ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ కార్మికులు తిరిగి వచ్చేదాకా ఇక్కడి బండ్లకూ గిరాకీ తిరిగి రాలేదు.

షికారు తిండికి దారి వేసినవి ఔటర్ రింగ్ రోడ్డు, కారు అప్పులు, ఐటీ జీతాలు. 2017 ఏప్రిల్ నుంచి రహదారి పక్కన మద్యం దుకాణాలను సుప్రీంకోర్టు దూరం జరిపించాక కొన్ని దాబాలు ఫ్యామిలీ రెస్టారెంట్లుగా వేషం మార్చాయి. ఈ వరుసలో అతి విచిత్రం సంగారెడ్డి పాత జైలు. 1796లో కట్టిన ఆ జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలకు ఒక రోజు ఖైదీగా ఉండి జైలు కూడు తినే అవకాశం కల్పించారు. తప్పించుకోలేక తిన్న తిండిని టికెట్టు పెట్టి అమ్మడం ఇంతకన్నా సూటిగా ఎక్కడా జరగలేదేమో.

ఇప్పుడు మదీనాగూడ నుంచి సంగారెడ్డి దాకా రోడ్డును ఆరు వరుసలకు వెడల్పు చేస్తున్నారు. సొంత జాగా ఉన్న దాబా నాలుగు గజాలు వెనక్కి జరిగి, పార్కింగు పెంచుకుంటుంది. రోడ్డు అంచునే నమ్ముకున్న బండికి జరగడానికి వెనక జాగా ఉండదు. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి, ధ్రువపత్రం ఇచ్చి, వేరే చోటు చూపించమంటుంది. అది అమలైతే సరే. కాకపోతే బండివాడు ఇస్నాపూర్ లోపలి గల్లీల్లోకి, కార్మికుల గదుల మధ్యకే పోతాడు. అతని గిరాకీ ఎలాగూ అక్కడే ఉంది.