రియర్ విండో
ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1954లో తీసిన అమెరికన్ ఉత్కంఠ చిత్రం. ఆధారం కార్నెల్ వూల్‌రిచ్ 1942 నాటి కథ. కాలు విరిగి చక్రాల కుర్చీకే పరిమితమైన ఫొటోగ్రాఫర్ జెఫ్రీస్ (జేమ్స్ స్టువర్ట్), ఎదురింటి థోర్వాల్డ్ తన భార్యను చంపేశాడని అనుమానిస్తాడు. కెమెరా దాదాపు జెఫ్రీస్ గది దాటదు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ పెరడంతా పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్టే.

మొదటిసారి చూసినప్పుడు హత్య జరిగిందా లేదా అన్న ప్రశ్నే ప్రేక్షకుణ్ణి లాక్కుపోతుంది. అసలు పనితనం రెండోసారి తెలుస్తుంది. జెఫ్రీస్ నిద్రలో ఉండగా థోర్వాల్డ్ ఒక స్త్రీతో బయటికి వెళ్లడం మనకొక్కరికే కనిపిస్తుంది. జెఫ్రీస్ ప్రేయసి లీసా (గ్రేస్ కెల్లీ) వీపు వెనక తన వేలికున్న థోర్వాల్డ్ భార్య ఉంగరాన్ని జెఫ్రీస్‌కు చూపిస్తుంటే, థోర్వాల్డ్ అది గమనించి సూటిగా మనవైపే చూస్తాడు. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరించే ఘట్టమది. ఏళ్ల తరబడి ప్రదర్శనకు దూరమైన ఈ చిత్రం 1983లో మళ్లీ విడుదలైంది.