సబాటియర్-సెండరెన్స్: ఆ రెండో పేరు ఎవరిది?

ఇంటర్ ఎంపీసీ నుంచి కంప్యూటర్ల వైపు వచ్చేసిన మనలో చాలామంది ఈథీన్ ప్లస్ హైడ్రోజన్, బాణం గుర్తు, దాని మీద నికెల్ అని రాసినవాళ్ళమే. మన దేశంలో చాలా కెమిస్ట్రీ పుస్తకాలు దీన్ని సబాటియర్-సెండరెన్స్ చర్య అంటాయి. ఇందులో మొదటాయనకి 1912లో నోబెల్ వచ్చింది. రెండో ఆయనకి రాలేదు. అసలేం జరిగిందో చూద్దాం.

1890లో ఇంగ్లాండులో లుడ్విగ్ మాండ్ బృందం ఒక వింత కనిపెట్టింది. నికెల్ మీదుగా కార్బన్ మోనాక్సైడ్ పంపితే, అంత గట్టి లోహమూ ఆ వాయువుతో కలిసి ఆవిరిగా మారిపోయే పదార్థం అవుతోంది. ఫ్రాన్సులో తులూజ్ నగరంలో ప్రొఫెసర్‌గా ఉన్న పాల్ సబాటియర్‌కి దీంతో ఒక ఆలోచన వచ్చింది. దీనితో కలిసిన నికెల్ ఎసిటిలీన్, ఇథిలీన్ లాంటి వాయువులతో మాత్రం ఎందుకు కలవదు?

ఈలోగా 1896లో మువాసాన్, మూర్యూ అనే ఇద్దరు ఆ పని చేసేశారు. ఎసిటిలీన్‌ని నికెల్ మీదుగా పంపితే లోహం ఎర్రగా కాలిపోయింది, మసి పేరుకుంది. లోహం గుల్లగా ఉంది కాబట్టి వాయువుని పీల్చుకుని వేడెక్కింది, బయటికొస్తున్నది హైడ్రోజన్ అయ్యుంటుంది అనుకున్నారు. మన భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ చేసేశారన్నమాట. మువాసాన్ ఏమన్నా ఆషామాషీ మనిషా అంటే కాదు, ఫ్లోరిన్‌ని వేరుచేసి 1906లో నోబెల్ అందుకున్న ఘనుడు.

సబాటియర్ కొన్నాళ్ళు ఆగి, మీరు దీన్ని కొనసాగిస్తున్నారా అని మువాసాన్‌నే అడిగాడు. లేదన్నాక తన సహచరుడు జాన్ బాప్టిస్ట్ సెండరెన్స్‌తో కలిసి మొదలుపెట్టాడు. ఈ సెండరెన్స్ చర్చి ఫాదరు కూడా. ఇద్దరూ ఇథిలీన్‌ని 300 డిగ్రీల దగ్గర నికెల్ మీదుగా పంపారు. మళ్ళీ అదే వెలుగు, అదే మసి. కానీ వీళ్ళు బయటికొచ్చిన వాయువుని పరీక్షించారు. అందులో ఎక్కువ భాగం ఈథేన్! హైడ్రోజన్ ఎవరూ ఇవ్వలేదే, మరి ఈథేన్ ఎలా వచ్చింది? కొంత ఇథిలీన్ మసిగా, హైడ్రోజన్‌గా విడిపోయింది. ఆ హైడ్రోజన్ నికెల్ సాయంతో మిగతా ఇథిలీన్‌కి అతుక్కుంది. అయితే హైడ్రోజన్ మనమే ఇస్తే పోలా అనుకున్నారు. ఇచ్చారు, పనిచేసింది. 1897లో అచ్చయిన ఆ పేపరు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

1901లో బెంజీన్‌ని ఇలాగే సైక్లోహెక్సేన్‌గా మార్చారు. నైలాన్‌కి కావలసిన అడిపిక్ ఆమ్లం, కాప్రోలాక్టమ్ ఇవాళ ఎక్కువగా సైక్లోహెక్సేన్ నుంచే తయారవుతున్నాయి. 1902లో జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ ఇదే కిటుకుని ద్రవరూపంలో ఉన్న నూనెలకి వాడి పేటెంటు తీసుకున్నాడు. ఆ దారిలోనే 1937లో మన దేశానికి డాల్డా వచ్చింది.

నికెల్ ఏం చేస్తుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. అది వట్టి గుల్ల పదార్థం కాదు, హైడ్రోజన్‌తో కాసేపు రసాయనికంగా జట్టుకట్టి, దాన్ని వేరేవాళ్ళకి అప్పగించి మళ్ళీ ఖాళీ అవుతుంది అన్నాడు సబాటియర్. వివరాలు తర్వాత మారాయి గానీ మూలం నిలిచింది. లోహం ఉపరితలం మీద హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా చీలి అంటుకుంటుందని చూపిన పరిశోధనలకి కూడా కలిపి 2007లో గెర్హార్డ్ ఎర్టల్‌కి నోబెల్ ఇచ్చారు.

ఇక బహుమతుల లెక్క. 1905లో ఫ్రెంచ్ అకాడమీ తన జెకర్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చింది. 1912 నోబెల్‌లో సగం వేరే పనికి విక్టర్ గ్రిన్యార్‌కి, మిగతా సగం సబాటియర్‌కి. సెండరెన్స్ బాధపడ్డాడు, పడడా మరి! ఆలోచన, సిద్ధాంతం సబాటియర్‌వి కాబట్టి ఇవ్వడం సబబే అనేవాళ్ళున్నారు. సబాటియర్‌కి ఇవ్వడం తప్పని నేనూ అనను. కానీ మువాసాన్‌కి దొరకనిదీ వీళ్ళకి దొరికిందీ సిద్ధాంతం వల్ల మాత్రమే కాదు. బయటికొచ్చిన వాయువుని ఓపిగ్గా పరీక్షించడం వల్ల కూడా. పేపరు మీద రెండు పేర్లున్న పనికి ఒక పేరే పిలిస్తే, ఆ ఓపికకి విలువ లేదని చెప్పినట్టే. మన ప్రాజెక్టుల్లో డిజైన్ చేసినవాడికి అవార్డు, రాత్రంతా లాగులు చదివినవాడికి థాంక్స్ మెయిలూ వచ్చినట్టు.

స్టాక్‌హోమ్‌లో పోయిన ఆ పేరుని మన పాఠ్యపుస్తకాలు మాత్రం నిలబెట్టాయి. ఈసారి మీ పిల్లలు ఆ చర్య బట్టీ కొడుతుంటే, రెండో పేరు కూడా గట్టిగా చదవమనండి.