రోబో సీటులో అమ్మాయి ఎందుకు లేదు? ఎప్పుడు వచ్చింది?

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. అపార్ట్‌మెంట్ అంత ఎత్తు రోబో ఉంది. అది కదలాలంటే లోపల ఒక మనిషి కూర్చోవాలి. ఆ సీటులో ఎవరు కూర్చోవాలో ఎవరు డిసైడ్ చేస్తారు? రైటరా, డైరెక్టరా? జపాన్ యానిమే చరిత్ర చూస్తే, చాలాసార్లు అది డబ్బులు పెట్టేవాడి చేతిలో ఉంది. ఎలాగో చూద్దాం.

1972కి వెళ్దాం. గో నగాయ్ సృష్టించిన 'మజింగర్ జెడ్' టీవీలో మొదలైంది. అంతకుముందు పెద్ద రోబోలు లేవా అంటే, ఉన్నాయి. 'టెట్సుజిన్ 28'లో ఒక పిల్లాడు బయట నిలబడి రిమోట్‌తో రోబోని ఆడించేవాడు. మజింగర్‌లో హీరో కోజీ చిన్న విమానం లాంటి దాంట్లో ఎగిరొచ్చి, సరాసరి రోబో తలలోనే దిగుతాడు. కారు నడిపినట్టు లోపల కూర్చుని నడుపుతాడు. పిల్లలకి పిచ్చెక్కిపోయింది. 1974లో పాపీ అనే బొమ్మల కంపెనీ 'చోగోకిన్' పేరుతో మజింగర్ లోహపు బొమ్మ దించింది. అది విపరీతంగా అమ్ముడైంది.

లెక్క అక్కడ ఫిక్స్ అయిపోయింది. రోబో సీరియల్‌కి డబ్బులు పెట్టేది బొమ్మల కంపెనీ. రోబో బొమ్మ కొనేది అబ్బాయిలే అని వాళ్ల నమ్మకం. కాబట్టి హీరో కూడా అబ్బాయే.

మరి అమ్మాయిలు? మజింగర్‌లోనే సయాకా ఉంది. ఆమెకీ ఒక రోబో ఉంది, పేరు అఫ్రొడైట్ ఎ. దాని ఫేమస్ ఆయుధం ఛాతీ నుంచి దూసుకెళ్లే మిసైళ్లు. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు. ముందు ఆ రోబో దెబ్బలు తినాలి, తర్వాత హీరో వచ్చి కాపాడాలి. చాలా ఎపిసోడ్లలో ఆమె డ్యూటీ ఇదే.

ఈ లెక్క మార్చింది వీసీఆర్. అవును, వీడియో క్యాసెట్. 1983లో 'డల్లోస్' అనే యానిమే టీవీలో రాకుండా, థియేటర్లో రాకుండా డైరెక్ట్‌గా క్యాసెట్ మీద రిలీజ్ అయింది. ఈ పద్ధతిని ఓవీఏ అంటారు. ఇప్పటి ఓటీటీకి తాతయ్య అనుకోండి. క్యాసెట్ కొనే ఫ్యానే డబ్బులిస్తాడు. బొమ్మ అమ్ముడుపోతుందా లేదా అన్న టెన్షన్ లేదు.

అదే టైమ్‌లో, 1984 చివర్లో, గైనాక్స్ అని ఒక స్టూడియో మొదలైంది. పెట్టినవాళ్లు ఫ్యాన్స్‌గా ఉండి సినిమాల్లోకి దిగిన కుర్రాళ్లు. 1987లో తీసిన వాళ్ల మొదటి పెద్ద సినిమా డబ్బులు వెనక్కి తేలేదు. 1988లో ఆరు ఎపిసోడ్ల ఓవీఏ మొదలుపెట్టారు. పేరు 'టాప్ ఓ నెరాయే!'. బయటి ప్రపంచానికి 'గన్‌బస్టర్'. డైరెక్టర్ హిడెయాకి అన్నో, వయసు 28. డైరెక్టర్‌గా ఆయనకి ఇదే మొదటి సిరీస్.

ఆ పేరే ఒక జోక్. సగం 'టాప్ గన్' సినిమా, సగం 'ఏస్ ఓ నెరాయే!' అనే టెన్నిస్ మాంగా. ఆ మాంగా 1973లో అమ్మాయిల కోసం మొదలైంది. అందులో ఏమీ రాని ఒక జూనియర్, అందరూ ఆరాధించే ఒక సీనియర్, కఠినమైన కోచ్ ఉంటారు. గన్‌బస్టర్‌లో రాకెట్ తీసేసి రోబో ఇచ్చారు, అంతే. నొరికో జూనియర్, కజుమి సీనియర్, ఓటా కోచ్. మొదటి ఎపిసోడ్‌లో రోబోలు పుషప్స్ కూడా తీస్తాయి!

ఇక్కడ ఒక నిజం మాట్లాడుకోవాలి. తీసినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. క్యాసెట్లు కొన్నవాళ్లలోనూ ఎక్కువమంది కుర్రాళ్లే. అందుకే స్నానాల సీన్లు, ఒంటికి అతుక్కున్న డ్రెస్సులు. సీటు అమ్మాయికి ఇచ్చారు, కెమెరా మాత్రం కుర్రాడి చేతిలోనే ఉంది. ఇది ఒప్పుకోకుండా గన్‌బస్టర్‌ని పొగడటం కరెక్ట్ కాదు.

అయినా ఇది ఎందుకు నిలబడింది? ఫిజిక్స్ వల్ల. వెలుతురు వేగంలో 99 శాతం స్పీడ్‌తో వెళ్లే ఓడలో ఒక ఏడాది గడిస్తే, భూమ్మీద దాదాపు ఏడేళ్లు గడుస్తాయి. ఐన్‌స్టీన్ చెప్పిందే. 'ఇంటర్‌స్టెల్లార్'లో ఏడ్చారు కదా, అక్కడ కారణం గ్రావిటీ, ఇక్కడ స్పీడ్. మన భాగవతంలో రేవతి కథ విన్నవాళ్లకి ఐడియా కొత్త కాదు. తండ్రితో బ్రహ్మలోకానికి వెళ్లి తిరిగొచ్చేసరికి యుగాలే గడిచిపోతాయి.

నొరికోకి ఇదే జరుగుతుంది. స్పాయిలర్స్ ఉన్నాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆపేయండి. ఆమె ఒక యుద్ధానికి వెళ్లొస్తుంది. తనకి గడిచింది కొద్ది కాలమే. స్కూల్లో పక్కన కూర్చున్న ఫ్రెండ్ కిమికో మాత్రం ఒక పాపకి తల్లి అయిపోయి ఉంటుంది. ఇంకో మిషన్‌కి కజుమి కూడా నడివయసుకి వచ్చేస్తుంది. ఒకప్పుడు "అక్కగారూ" అంటూ వెనకాల తిరిగిన జూనియర్ ఇంకా పిల్లే.

చివరి ఎపిసోడ్ దాదాపు మొత్తం బ్లాక్ అండ్ వైట్. గురుగ్రహాన్ని నొక్కి బాంబు చేస్తారు. అది పేలడానికి నొరికో, కజుమి తమ రోబో గుండెనే ఇచ్చేస్తారు. శత్రువు పోతుంది. వీళ్లు భూమికి చేరేసరికి 12,000 ఏళ్లు గడిచిపోతాయి. కింద చీకటి. ఎవరూ లేరేమో అనుకుంటాం. అప్పుడు లైట్లు వెలిగి, భూమ్మీద ఒక మాట కనిపిస్తుంది. "ఒకయెరినసాయ్". ఇంటికి తిరిగొచ్చినవాళ్లతో జపాన్‌లో అనే మాట, "వచ్చేశావా" అన్నట్టు. అందులో చివరి అక్షరం తిరగబడి ఉంటుంది. అన్నేళ్లకి రాత మర్చిపోయారు, మనుషుల్ని మర్చిపోలేదు.

పాత హీరోలు ప్రపంచాన్ని కాపాడి సాయంత్రానికి ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లు. కాపాడితే నీ కాలం, నీ వాళ్లు పోతారు అని లెక్కగట్టి చూపించిన రోబో కథ ఇది. ఆ బరువు మోసింది ఇద్దరమ్మాయిలు.

బయట జపాన్‌లో అప్పుడు ఏం జరుగుతోందో కూడా చూడండి. ఉద్యోగాల్లో ఆడామగా సమాన అవకాశాల చట్టం 1985లో పాసై, 1986 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అదే 1985లో డాక్టర్ చియాకి ముకాయ్ ఆస్ట్రోనాట్‌గా సెలెక్ట్ అయ్యారు. ఆమె నిజంగా అంతరిక్షంలోకి వెళ్లింది 1994లో, జపాన్ నుంచి వెళ్లిన మొదటి మహిళగా. అంటే యానిమేలో నొరికో ముందే వెళ్లొచ్చేసింది!

1993లో ఇంకో మలుపు. 'నకయోషి' అనే అమ్మాయిల పత్రికలో 'మ్యాజిక్ నైట్ రేయర్త్' మొదలైంది. గీసింది క్లాంప్, అందరూ ఆడవాళ్లే. టోక్యో టవర్ చూడ్డానికొచ్చిన ముగ్గురు పద్నాలుగేళ్ల స్కూలమ్మాయిలు వేరే లోకంలో పడి రోబోలు నడుపుతారు. తీరా చూస్తే, ఏ యువరాణిని కాపాడాలనుకున్నారో ఆమెనే చంపాల్సొస్తుంది. ఈసారి కెమెరా కూడా అమ్మాయిల చేతిలోనే ఉంది. 1995లో అన్నో 'ఎవాంజెలియన్' తీశాడు. రేయ్, అసుకా ఆ సీటులో కూర్చుని ఎంత నలిగిపోయారో మీకు తెలుసు.

టీవీలో పెద్ద బ్రాండ్ మాత్రం ఇంకా ఆలోచించింది. 'గుండమ్' మొదలైంది 1979లో. మెయిన్ టీవీ సిరీస్‌లో ఒక అమ్మాయి హీరో అయింది 2022లో, 'ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ'లో సులెట్టా. 43 ఏళ్లు!

సో ఫ్రెండ్స్, అమ్మాయి రోబో నడపగలదా అన్న డౌట్ కథకి ఎప్పుడూ లేదు. డౌటంతా టికెట్ డబ్బులు ఎవరిస్తారన్న దగ్గరే. ఈసారి ఏదైనా సిరీస్ చూస్తున్నప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. సీటులో ఎవరున్నారు? కెమెరా ఎవరి చేతిలో ఉంది? రెండింటికీ మీ ఆన్సర్ కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.