మొరిగిన కుక్క ఎవరిది?

పోయిన వారం మనుస్మృతి పదో అధ్యాయం గురించి రాశాను. ఊరి బయటే బతకాలని శాసించిన మనుషులకు కుక్కలూ గాడిదలే ఆస్తి అని అందులో ఉంది. అది చదివి ఒక విద్యార్థి ఫోన్ చేశాడు. "కుక్కలు మన ఆస్తి అయితే, రాజుల వెంట పోయిన వేటకుక్కలు ఎవరి ఆస్తి సార్?" అన్నాడు. వారమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

వాడు ఊరికే అడగలేదు. నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. రూము కిరాయి కోసం పొద్దున పూట హైదర్‌గూడలో ఒకరింట్లో లాబ్రడార్‌ను చూసుకుంటాడు. ఏడాదిన్నర కుక్క. బంతి కనిపిస్తే ఒళ్ళు తెలియదు, గొలుసు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుపోతుంది. ఆ ఇంటాయన కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ ఇట్లాంటి కుక్కలను వర్కింగ్ టెస్టులకు తీసుకుపోతాడట. అతను పంపిన శిక్షణ పుస్తకం మా పిల్లవాడి చేతికొచ్చింది. ఇంగ్లిషు కష్టమైన చోట నాకు ఫోన్ చేసేవాడు. వాడికి చెప్పడం కోసం నేనూ చదివాను.

తుపాకీతో పక్షులను వేటాడేవాళ్ళ వెంట పనిచేసే కుక్కను గన్‌డాగ్ అంటారు. పాయింటర్ పక్షి ఎక్కడుందో చూపిస్తుంది. స్పానియల్ పొదలోంచి లేపుతుంది. లాబ్రడార్ కూలిన పక్షిని నోట కరుచుకొచ్చి చేతికిస్తుంది. 1865లో ఇంగ్లండులోని సౌత్‌హిల్‌లో ఈ కుక్కలకు మొదటి ఫీల్డ్ ట్రయల్ జరిగింది. ఫీల్డ్ ట్రయల్ అంటే నిజం వేట. వర్కింగ్ టెస్టులో ప్రాణం పోదు, పక్షికి బదులు క్యాన్వాస్ గుడ్డతో చేసిన డమ్మీ ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట నేరం. అందుకే ఇక్కడ ఎవరైనా ఈ విద్య నేర్పాలంటే డమ్మీలతోనే నేర్పాలి.

ఈ టెస్టులో వేగం ఒక్కటే చాలదు. తుపాకీ పేలుతుంది, డమ్మీ గాల్లోకి లేచి పడుతుంది, పక్క కుక్క పరిగెత్తుతుంది. అయినా మన కుక్క నిమ్మళంగా కూర్చోవాలి. మాట రాకముందే దూకితే తప్పు. మొరిగినా, మూలిగినా పెద్ద తప్పు.

మరి ఉద్రేకపడే కుక్కకు నిలకడ ఎట్లా నేర్పాలి? తిండి గిన్నె ముందు ఆగి కూర్చోబెట్టడంతో మొదలుపెట్టాలి. పది డమ్మీలు విసిరితే ఏడెనిమిది మనిషే నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి, కుక్క చూస్తూ కూర్చోవాలి. విసిరిందల్లా తనకోసం కాదని దానికి తెలియాలి. పొడుగాటి ఈల ఒకటి వినపడితే ఎక్కడున్నా ఆగి మనవైపు చూడాలి. పాఠం పది నిమిషాలు దాటకూడదు. కుక్క తప్పు చేస్తే కొట్టకూడదు, ఒక మెట్టు వెనక్కి వెళ్ళి పాఠాన్ని సులువు చేయాలి. తప్పింది కుక్క కాదు, తొందరపడింది నేర్పేవాడు అనుకోవాలి.

ఈ మాట చెప్పిన రోజు వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సార్, ఎక్కం తప్పు చెప్తే మా బళ్ళో సారు 'మీకెందుకురా చదువులు' అన్నాడు. నాకోసం ఎవరూ ఒక మెట్టు వెనక్కి రాలేదు."

మొరగడం తప్పు అన్నచోట నాకు ఆదిపర్వం గుర్తొచ్చింది. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన కథే. పాండవులు వేటకు పోతారు. ఒక సేవకుడు కుక్కను వెంటబెట్టుకుని వస్తాడు. ఆ కుక్క అడవిలో ఏకలవ్యుణ్ణి చూసింది. నల్లటి ఒళ్ళు, జింకతోలు. చూసి మొరిగింది. ఏకలవ్యుడు దాన్ని చంపలేదు, నోరు మూతపడేలా బాణాలు వేశాడు. ఆ విలువిద్య చూసి అర్జునుడు కుమిలిపోయాడు. ద్రోణుడు వచ్చి కుడిచేతి బొటనవేలు అడిగాడు.

ఇప్పుడు ఆ గన్‌డాగ్ పుస్తకం పక్కన పెట్టుకుని ఈ కథ చదవండి. నిలకడ తప్పింది రాజుల కుక్క. బడి లేకుండా, గురువు లేకుండా, మట్టిబొమ్మ ముందు నేర్చుకున్నవాడి చేయి మాత్రం చెక్కు చెదరలేదు. శిక్ష పడింది వాడికి. కుక్క లేకుండా స్వర్గానికి రానన్న ధర్మరాజు కూడా ఆ వేలు గురించి ఒక్క మాట అన్నట్టు కథలో లేదు.

ఇది పురాణం కదా అనేవాళ్ళకు దగ్గరి చరిత్ర ఒకటి చెప్తాను. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో, వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులుల వేటకు దిగాడు. అప్పటి ఫొటో ఇవ్వాళ ఎవరైనా చూడొచ్చు. కర్జన్, ఆయన భార్య, కాళ్ళ దగ్గర చచ్చిన పులి. పులి తనంతట తాను తుపాకీ ముందుకు రాదు. డప్పులు కొడుతూ, కేకలేస్తూ అడవిలోంచి దాన్ని తోలాలి. తోలేవాళ్ళ చేతుల్లో తుపాకులుండవు. పులి వెనక్కి తిరిగితే ముందు దొరికేది వాళ్ళే. తెలంగాణ పల్లెల్లో అధికారి వస్తే మూటలు మోసింది, కబురు పట్టుకుని పరిగెత్తింది, డప్పు కొట్టింది ఎవరో, దాని పేరు వెట్టి అనీ మీకు తెలుసు. వేటగాళ్ళ పుస్తకాల్లో ఈ మనుషులు 'బీటర్లు'. చాలాచోట్ల ఒక అంకె, అంతే. అవే పుస్తకాల్లో కుక్కలకు పేర్లుంటాయి. జిమ్ కార్బెట్ 1944లో అచ్చయిన తన పుస్తకంలో రాబిన్ అనే స్పానియల్‌కు ఒక అధ్యాయమే ఇచ్చాడు.

కుక్క మీద ప్రేమను నేను తప్పుపట్టను. మన భాగ్యరెడ్డి వర్మ జీవరక్ష ప్రచారంలో తిరిగి జంతుబలులను వ్యతిరేకించాడు. ఆయనే 1910లో ఇసామియా బజారులో మన పిల్లల చదువుకు చోటు పెట్టాడు. మూగజీవి మీద దయ, మనిషికి బడి, రెండూ ఒకే మనిషి చేసిన పనులు. దయ కుక్క దగ్గరే ఆగిపోతేనే నా పేచీ.

వాడడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: కుక్క రాజుదే, దాని గొలుసు పట్టుకున్న చేయి సేవకుడిది. అదే జంతువు మన గుడిసె ముందుంటే మైల, కోటలో ఉంటే జాగిలం.

ఇక ఆ లాబ్రడార్ సంగతి. పొద్దున వీధి ఊడ్చే అక్క కనిపిస్తే అది మొరిగేది. "చీపురు చూసి మొరుగుతుంది, దానికేం తెలుసు" అనేవారు ఇంట్లోవాళ్ళు. మా పిల్లవాడు గమనించింది వేరు. అక్క గేటు దగ్గరికి రాగానే ఇంటావిడ గొలుసు బిగబట్టి కుక్కను దగ్గరికి లాక్కునేది. చేతిలోని బిగువు గొలుసు మీదుగా కుక్క మెడకు చేరేది. వాడు గొలుసు వదులుగా పట్టుకుని, దూరంగా కూర్చోబెట్టి, అక్క కనిపించినప్పుడల్లా ఒక ముక్క పెట్టాడు. రెండు మూడు రోజులకోసారి నాలుగడుగులు ముందుకు జరిగాడు. ఆరు వారాలకు అక్క తన చేత్తో బిస్కెట్ పెడితే తిని, తోక ఊపింది.

సంతోషంగా ఫోన్‌లో చెప్తుంటే అడిగాను: "ఆ అక్క పేరేంట్రా?"

"అడగలేదు సార్" అన్నాడు. నేనూ మా వీధి ఊడ్చే ఆమె పేరు ఏనాడూ అడగలేదని అప్పుడే తట్టింది. మర్నాడు ఇద్దరం అడిగాం.

మీకూ ఒక పని. ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు తాతను, నానమ్మను అడగండి. దొర వేటకు, అమీను వేటకు డప్పు పట్టుకుని అడవిలోకి పోయినవాళ్ళు మన ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఎవరైనా తిరిగి రాలేదా? పేరు, ఊరు, గుర్తున్నంత మేరకు కాలం రాసుకుని నాకు పంపండి. ఆ పేర్లతోనే తర్వాతి భాగం మొదలుపెడతాను.

జై భీమ్.