ఫోన్‌లో డబ్బు, చేతికొచ్చిన అక్షరం

శివనసముద్రం కరెంటు 1902లోనే మన కేజీఎఫ్ గనులకు వచ్చింది. కొత్త యంత్రానికి బెదిరే ఊరు కాదు మనది. మరి ఫోన్‌లో డబ్బు పంపాలంటే మన పెద్దవాళ్ళు ఎందుకు జంకుతారు?

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పని కోసం మనవాళ్ళు బెంగళూరు రైలెక్కారు, కొందరు అక్కడే ఉండిపోయారు. ఇంటికి డబ్బు పంపే అవసరం అప్పటినుంచే ఉంది. కెన్యాలో 2007లోనే ఎం-పెసా మామూలు ఫోన్‌ మీద నడిచింది. మనకు యూపీఐ 2016లో వచ్చింది. అదే ఏడు నవంబరులో నోట్లు రద్దయ్యాయి, నేర్చుకోక తప్పలేదు.

అయినా చిక్కు తీరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకు మెసేజి ఇంగ్లీషు. యాప్‌లో తెలుగు పెట్టుకోమంటారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు మాట్లాడే మనలో ఎందరికో వచ్చిన అక్షరాలు కన్నడవే! చదవలేక ఫోను పక్కింటి పిల్లాడి చేతికిస్తాం, పిన్ను కూడా చెప్పేస్తాం. పిల్లాడు మంచివాడే, కానీ అలవాటు మంచిది కాదు.

2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పేకి బటన్ ఫోను చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఈసారి సమావేశానికి మీ ఇంటి అవ్వాతాతల్ని ఫోన్లతో తీసుకురండి. పది రూపాయలు పంపి చూద్దాం, పిన్ను వాళ్ళే నొక్కాలి.