పండుగాడి షుగరూ, నూరేళ్ళ ఇన్సులినూ

మా పండుగాడికి షుగరుందని ముందు కనిపెట్టింది డాక్టరు కాదండీ, చీమలు.

బాల్కనీలో వాడి ఇసుక తొట్టె చుట్టూ రెండు రోజులుగా బారులు తీరి ఉన్నాయి. ఊడుస్తాను, మళ్ళీ వస్తాయి. అప్పటికే వాడు గిన్నెడు నీళ్ళు ఒక్క ఊపులో ఖాళీ చేస్తున్నాడు. ఎంత తిన్నా వెన్నెముక చేతికి తగులుతోంది. విశాఖ ఎండలు కదా, అందుకే దాహం అనుకున్నాను. అత్తయ్యగారు పడక్కుర్చీలోంచి చూసి, "చీమలు ఊరికే రావే అమ్మాయ్, వీడికీ నా రోగమే వచ్చినట్టుంది" అన్నారు.

నేను నవ్వేశాను. కానీ ఆవిడ మాట వెనక రెండు వేల ఏళ్ళ అనుభవం ఉందని తరవాత తెలిసింది. ప్రమేహం రాబోతోందనడానికి గుర్తుల్లో ఒకటిగా, మూత్రానికి చీమలు చేరడాన్ని చరక సంహితలోనే చెప్పారు. మధుమేహం అన్న పేరు కూడా ఆ తీపి వల్లే వచ్చింది. ఆ మూత్రంలో ఉన్నది నిజంగా చక్కెరేనని ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ తేల్చి చెప్పింది 1776లో.

పశువుల డాక్టరుగారు రక్తం తీసి చూస్తే షుగరు బాగా ఎక్కువుంది. "అయితే ఒక్క లెక్క చూసి నమ్మకూడదమ్మా, పిల్లులకి భయంతో కూడా షుగరు పెరుగుతుంది" అని, గత రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోసమీన్ పరీక్ష కూడా చేయించారు. అదీ ఎక్కువే వచ్చింది. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో ఇన్సులిన్ వెయ్యాలన్నారు. ఎన్నాళ్ళని అడిగితే, "కొన్ని పిల్లులకి మొదట్లోనే గట్టిగా చూసుకుంటే ఇన్సులిన్ మానేసే స్థితి వస్తుంది. రాకపోతే జీవితాంతం" అన్నారు.

పండుగాడు వీధిలోంచి వచ్చినవాడు. కాళ్ళకి రాసుకుంటాడు గానీ ఒళ్ళోకి రాడు. ఎత్తుకుంటే గోళ్ళు దించుతాడు. ఇలాంటివాడికి రోజుకి రెండు సూదులా! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలీ ఇన్సులిన్ ఎక్కడినుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఈ మందు చరిత్రలో పేజీపేజీకీ జంతువులే ఉన్నాయి. అందులో ఒక్కటీ ఇష్టపడి పట్టుబడింది కాదు.

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో వాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ అనే ఇద్దరు ఒక కుక్కకి క్లోమం తీసేశారు. శిక్షణ ఉన్న ఆ కుక్క నేలంతా తడపడం మొదలుపెట్టిందట. మింకోవ్‌స్కీ ఆ మూత్రం పరీక్షిస్తే అందులో చక్కెర ఉంది. షుగరు జబ్బుకి క్లోమంతో సంబంధం ఉందని అలా తెలిసింది. కానీ క్లోమంలోంచి ఆ మందు తియ్యడం ఇంకో ముప్పయ్యేళ్ళకి గానీ సాధ్యం కాలేదు. ఈలోగా షుగరొచ్చిన పిల్లల్ని కడుపు మాడ్చి మరికొన్నాళ్ళు బతికించుకునేవారు.

1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో, మెక్లియోడ్ గారి ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద పనిచేసి ఆ సారం తీశారు. 1922 జనవరి 11న లెనర్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొదటి సూది వేశారు. అప్పటికి వాడి బరువు దాదాపు 29 కిలోలు. మందు శుద్ధంగా లేక పెద్దగా ఫలితం రాలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త రాత్రింబవళ్ళు కూర్చుని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్ళీ వేస్తే చక్కెర దిగింది. మరుసటి ఏడాదే బాంటింగ్‌కి, మెక్లియోడ్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. హక్కుల్ని మాత్రం బాంటింగ్, బెస్ట్, కాలిప్ తలా ఒక్క డాలరుకి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకో వివరం. మనం "రెండు యూనిట్లు", "పది యూనిట్లు" అంటామే, ఆ యూనిట్‌ని మొదట కొలిచింది కుందేళ్ళ మీద. ఆహారం లేకుండా ఉంచిన రెండు కిలోల కుందేలుకి, ఫిట్స్ వచ్చేంత దాకా షుగరు దించే మందు ఒక యూనిట్. తరవాత దాన్ని సుమారు మూడో వంతుకి తగ్గించారు. మా పండుగాడు నాలుగు కిలోలు. వాడికి రాసిన మందు ఒక్క యూనిట్. సిరంజిలో కంటికి ఆనదు. ఆ చుక్క ఎంత బలమైనదో చదివి తెలుసుకున్నాను గానీ, ఒంటికి పట్టించుకోలేదు.

మొదటి రెండు వారాలూ మా ఇంట్లో జరిగింది యుద్ధమే. మా వారు తువ్వాలు చుట్టి పట్టుకునేవారు, నేను సూది వేసేదాన్ని. వాడు అరిచేవాడు, మా వారి చేతులు రక్తాలు. గడియారం ఏడు కొట్టగానే పండుగాడు మంచం కిందకి దూరిపోయేవాడు. సాయంత్రం ఏడు వస్తోందంటే నాకూ గుండె దడే.

మూడో వారంలో ఒక రోజు, సూది గుచ్చగానే వాడు గింజుకున్నాడు. మందు ఒంట్లోకి వెళ్ళిందో బొచ్చు మీద పడిందో తెలియలేదు. వేళ్ళకి తడి తగిలినట్టనిపించింది. మందు అందలేదేమోనని మళ్ళీ ఒక యూనిట్ వేసేశాను. రాత్రి పదింటికి వాడు తూలుతూ వంటింట్లోకి వచ్చి గడప దగ్గర పడిపోయాడు. టొరంటో కుందేళ్ళు గుర్తొచ్చి నా చేతులు చల్లబడిపోయాయి. అత్తయ్యగారే "తేనె తే, ముందు తేనె తే" అని కేకేశారు. వేలితో చిగుళ్ళకి రాసి, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. తెల్లారేదాకా గ్లూకోజు ఎక్కించాక లేచాడు.

డాక్టరుగారు తిట్టలేదు. "మందు వెళ్ళిందో లేదో అనుమానం వస్తే మళ్ళీ వెయ్యకూడదమ్మా. ఒక పూట ఎక్కువుంటే ఏం కాదు, తగ్గితే ప్రాణం పోతుంది" అన్నారు. వాడు తిండి మానేసిన పూట కూడా ఫోన్ చెయ్యకుండా మందు వెయ్యొద్దన్నారు. ఈ రెండూ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను. మూడోది అత్తయ్యగారి సిరంజీల గురించి. ఆవిడవి 40 యూనిట్ల మందుకి తగ్గ ఎర్ర మూతవి, పండుగాడివి 100 యూనిట్ల మందుకి తగ్గ నారింజ మూతవి. వాడి మందు ఎర్ర మూత దాంట్లో ఒక గీత తీస్తే ఒకటికి రెండున్నర యూనిట్లు వెళ్ళిపోతుంది. రెండింటినీ వేరు వేరు డబ్బాల్లో పెట్టాను.

మర్నాడు అత్తయ్యగారు వాళ్ళమ్మ సంగతి చెప్పారు. ఆ రోజుల్లో గాజు సిరంజిని గిన్నెలో మరిగించేవారట. నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచి, ఆకుపచ్చ వచ్చిందా, పసుపు వచ్చిందా, ఇటుక రంగుకి తిరిగిందా అని చూసేవారట. సూది వేసేది పన్నెండేళ్ళ అత్తయ్యగారే. "మా అమ్మని ఎవరూ పట్టుకునేవారు కాదు. ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఉంటే నేను కబుర్లు చెబుతూ వేసేసేదాన్ని. వాడు తినేటప్పుడు వెయ్యి" అన్నారు.

అక్కడినుంచి మా పద్ధతి మారింది. ఏడింటికి గిన్నె పెట్టడం, పక్కన కూర్చోవడం. వారం రోజులు ఉత్త చేత్తోనే మెడ వెనక చర్మం కాస్త పైకెత్తి వదిలేశాను. ఆ వారం వేరే గదిలో మా వారే సూది వేశారు, ఎక్కువ పట్టుకోకుండా. ఎనిమిదో రోజు గిన్నె దగ్గరే వేస్తే వాడు తలెత్తి చూసి మళ్ళీ తినడంలో పడ్డాడు. గిన్నెలోదీ మారింది. ఇన్నాళ్ళూ ప్రేమగా పెరుగన్నం పెట్టి పెంచాం. పిల్లి మాంసం తిని బతికే జీవి, అంత అన్నం దానికి పడదు. ఇప్పుడు పిండిపదార్థం తక్కువున్న మెత్తని తిండి పెడుతున్నాం.

ఇంట్లోనే షుగరు చూడడం కూడా ఇలాగే నేర్చుకున్నాం. ఆసుపత్రిలో భయంతో లెక్క పెరుగుతుంది కాబట్టి ఇంటి లెక్కే నమ్మదగినది. చెవి అంచున చిన్న పోటుతో చుక్క రక్తం తీసి, మనుషుల మీటరుతో చూడవచ్చని స్విట్జర్లాండులో జ్యూరిక్ పశువైద్యులు 2000లో రాశారు. వెచ్చని గుడ్డతో చెవి పట్టుకుంటే చుక్క తేలిగ్గా వస్తుంది. మనుషుల మీటరు పిల్లికి కాస్త తక్కువ చూపిస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు, ఆ లెక్క వేసుకుంటాం. కొంతమంది పిల్లి ఒంటికి పద్నాలుగు రోజులు ఉండే సెన్సార్ అంటిస్తున్నారు. అప్పుడు చెవి పోటు కూడా చాలావరకు తప్పుతుంది.

సూదే వద్దనే పిల్లులకి ఇంకో దారి వచ్చింది. దాని మూలం ఆపిల్ చెట్టు బెరడులో ఉంది. 1835లో ఆ బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. 1886లో అది మూత్రంలోకి చక్కెరని పంపేస్తుందని చూపించింది, క్లోమం తీసిన ఆ వాన్ మేరింగే. ఆ దారిలో తయారైన మందుల్ని పిల్లులకి నోటితో ఇవ్వడానికి అమెరికాలో 2022 చివర బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రగానూ, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవంగానూ అనుమతించారు. అయితే అవి అందరికీ కాదు. షుగరు మామూలుగా కనిపిస్తున్నా ఒంట్లో కీటోన్లు పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకి ఇవ్వకూడదంటారు, కాబట్టి పండుగాడికి సూదే.

ఈ కథలో పిల్లి వాటా కూడా ఉంది. 1955 నాటికి ఆవు ఇన్సులిన్ నిర్మాణం మొత్తం ఫ్రెడరిక్ సాంగర్ విప్పాడు. పిల్లి ఇన్సులిన్‌కి, ఆవుదానికి ఒక్క అమైనో ఆమ్లమే తేడా. 1987లో వెస్టర్‌మార్క్ బృందం షుగరున్న పిల్లుల క్లోమంలోనూ, మనుషుల కణితిలోనూ పేరుకున్న ఒక ప్రోటీన్‌ని గుర్తించింది. మనుషుల రెండో రకం షుగరుని అర్థం చేసుకోవడానికి అదీ పనికొచ్చింది. అత్తయ్యగారితో ఈ మాట చెబితే, "అయితే వాడికి మనమే బాకీ" అన్నారు.

పండుగాడికి ఇన్సులిన్ ఇంకా మానలేదు, అర యూనిట్‌కి దిగింది. రోజూ ఏడు కాగానే మంచం కిందకి దూరడం మానేశాడు. గిన్నె దగ్గరికొచ్చి కూర్చుని, ఆలస్యమైతే అరుస్తాడు. ఇసుక తొట్టె దగ్గర చీమలు రావడం లేదు. అయినా పొద్దున్నే లేవగానే అత్తయ్యగారు ముందు అటే చూస్తారు.