‘హిమబిందు’లో ధాన్యకటకం: కుట్రకథకు దొరికిన స్థలం

గూఢచారి కథకు పాత్రలకంటె ముందు స్థలం కుదరాలి. ఎవరు ఎవరిని ఎక్కడినుండి గమనించగలరు, ఏ దారిన ప్రవేశించి ఏ దారిన తప్పించుకోగలరు అన్న అంశాలమీదనే ఆ కథ నడుస్తుంది. ఆ సాహిత్యంలో పేరొందిన కొన్ని రచనల వెనుక నిజస్థలాలు ఉండడానికి కారణం ఇదే. ఎర్‌స్కిన్ చిల్డర్స్ ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’ (1903) రాయడానికి కొన్నేళ్ల ముందే జర్మనీ తీరంలోని ఫ్రీజియన్ దీవుల మధ్య, ఇసుకమేటల నడుమ స్వయంగా పడవ నడిపాడు. జోసెఫ్ కాన్రాడ్ ‘ది సీక్రెట్ ఏజెంట్’ (1907)కు 1894 ఫిబ్రవరిలో లండనులోని గ్రీనిచ్ పార్కులో జరిగిన పేలుడు ప్రేరణ. తెలుగు కల్పనాసాహిత్యంలో ఇటువంటి స్థలాన్ని వెదికితే విజయవాడకు ఎగువన, కృష్ణ కుడిగట్టున, 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ధరణికోట–అమరావతి ప్రాంతం ముందుకు వస్తుంది. అడివి బాపిరాజు (1895–1952) ‘హిమబిందు’లోని ధాన్యకటకం ఇదే.

‘హిమబిందు’ను మనం చారిత్రక నవలగా చదువుతాం. వర్తకుడు చారుగుప్తుని కుమార్తె హిమబిందు, శిల్పి సువర్ణశ్రీల ప్రణయకథగానూ చదువుతాం. అయితే ఆ కథను ముందుకు నడిపే యంత్రం ఒక రహస్యపథకం. బౌద్ధద్వేషి అయిన స్థౌలతిష్యుడు యువరాజు శ్రీకృష్ణ శాతవాహనుని అంతమొందించడానికి విషకన్యను సిద్ధం చేస్తాడు. ఈ పథకాన్ని పక్కనపెడితే నవలలో శిల్పవైభవం, ఉత్సవశోభ మిగులుతాయి గాని కథ మిగలదు.

విషకన్య కల్పన బాపిరాజు సృష్టి కాదు. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో రాక్షసమంత్రి చంద్రగుప్తునిమీదికి విషకన్యను ప్రయోగిస్తే, చాణక్యుడు ఆమెను పర్వతకునివైపు మళ్లిస్తాడు. యమపటం చూపుతూ ఇల్లిల్లూ తిరిగే నిపుణకుడు మన సంప్రదాయంలో చక్కగా చిత్రితుడైన చారుడు. ఆ నాటకరంగం కుసుమపురం. నాటకంలో నగరం చాలావరకు మాటల్లోనే ఉంటుంది, ప్రేక్షకుడు దానిని ఊహించుకోవాలి. నవలాకారునికి ఆ వెసులుబాటు లేదు. వీథులు, ద్వారాలు, మేడలు, రేవు ఆయన చూపించాలి. పాటలీపుత్రంనుండి కృష్ణాతీరానికి తెచ్చిన కుట్రకు వీటిని బాపిరాజు ఎక్కడినుండి సమకూర్చుకున్నాడన్నది అసలు ప్రశ్న.

నేలమీదనుండి అన్న సమాధానం చాలదు. ఆయన కాలానికి అమరావతిలో నేల చెప్పగలిగింది చాలా తక్కువ. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ పట్టణం కట్టించేటప్పుడు దీపాలదిన్నెను తవ్వి ఇటుకలు, రాళ్లు తీశారు. ఆ వార్త విని వచ్చిన కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి ఫలకాల చిత్రాలు గీయించాడు. (మెకంజీకి ఈ దేశపు చరిత్రను సేకరించి ఇచ్చిన కావలి సోదరులు ఏలూరివారు. సర్వే అధికారికి సమాచారం చేరవేసే దేశీయ పండితుడు కిప్లింగు ‘కిమ్’లో గూఢచారి అవతారమెత్తిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. కావలివారు చేసింది మాత్రం బహిరంగమైన విద్వత్కార్యం.) 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడినుండి లండనుకు తరలిపోయాయి. 1877లో సూయెల్, తరువాత బర్జెస్ తవ్వకాలు జరిపారు. దిన్నె గుంటగా మారింది.

కనుక బాపిరాజు ధాన్యకటకానికి మూలం ఆ ఊరి నేలకంటె ఆ ఊరు విడిచిపోయిన రాళ్లలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ఆయన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ వద్ద చిత్రకళ నేర్చినవాడు, తరువాత ఆ కళాశాలకే ప్రధానాచార్యుడైనవాడు. న్యాయశాస్త్రం చదివింది మద్రాసులో. అమరావతి ఫలకాల గొప్ప సంపుటి ఒకటి ఆ నగరపు మ్యూజియంలోనే ఉంది. చిత్రకారుని కన్ను వాటిని ఎలా చదివి ఉంటుందో ఊహించడానికి ఒక్క ఫలకం చాలు. అది నాళాగిరి మదగజాన్ని బుద్ధుడు శాంతపరచిన ఘట్టం చెక్కిన వృత్తఫలకం. ఒక పక్క నగరద్వారం, ఎదుట ఇరుకు వీథి, చెల్లాచెదురైపోతున్న జనం, పైనున్న గవాక్షాలనుండి తొంగిచూసే ముఖాలు. అదే ఏనుగు ఒకచోట విజృంభిస్తూ, మరొకచోట మోకరిల్లి కనిపిస్తుంది. భక్తులకు ఇది బుద్ధుని మహిమ. కాని ఆ కథలో ఏనుగును వీథిలోకి వదలడం దేవదత్తుడు పన్నిన హత్యాపథకం. బుద్ధునిమీది కుట్ర, దానికి సాక్షిగా నిలిచిన నగరం, చూసేవారు, చూడబడేవారు అందరూ ఒకే వృత్తంలో ఉన్నారు. ‘హిమబిందు’ కుట్రకు ఈ ఫలకమే మూలమని నేననను. బౌద్ధంమీద పన్నిన కుట్రకు వీథి, కిటికీ, ద్వారం రంగస్థలం కాగలవని అమరావతి శిల్పి ముందే చూపించాడన్నంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చు.

శాసనాలు మరో ఆధారాన్నిస్తాయి. అమరావతి దాతలలో గృహపతులు, భిక్షుణులు, గంధపుద్రవ్యాల వర్తకుడు ఉన్నారు. ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు పూర్ణఘటఫలకాన్ని దానమిచ్చాడు. ఇన్ని వృత్తులవారు కూడే చోట కొత్తముఖం ఎవరి కంటా పడదు. అర్థశాస్త్రం చెప్పే చారుల వేషాలలో గృహపతి, వర్తకుడు, తాపసి ఉండడం ఇక్కడ గమనించదగింది. స్తూపమూ అంగడీ కలిసిన ఊరిలో ఆ మూడు వేషాలూ సహజమైన వేషాలే.

రేవు సంగతి మరీ ఆసక్తికరం. 1962–65 మధ్య ధరణికోటలో జరిగిన తవ్వకాలలో కృష్ణతో కలిసే పడవకాలువ, దానికి ఆనుకొని సరుకు దించే కట్టడం బయటపడ్డాయి. అది మొదట కొయ్యతో కట్టినది, తరువాత ఇటుకతో. అప్పటికి బాపిరాజు కన్నుమూసి పదేళ్లు. సముద్రవ్యాపారం చేసే వర్తకుల ధాన్యకటకాన్ని ఆయన తవ్వకపు సాక్ష్యం లేకుండానే నిర్మించుకున్నాడు.

అయితే అన్నీ ఇలా కలిసిరాలేదు. తొలి శాతవాహనులను ధాన్యకటకంలో నిలపడం నేటి చరిత్రజ్ఞానానికి పొసగదు. కృష్ణుని కాలపు శాసనం నాసిక్ గుహలో ఉంది. శ్రమణుల వ్యవహారాలు చూసే మహామాత్రుడొకడు ఆ గుహను తొలిపించాడని అది చెబుతుంది. డెల్టాలో శాతవాహనాధికారానికి స్పష్టమైన శాసనసాక్ష్యం క్రీ.శ. రెండవ శతాబ్దిలో వాసిష్ఠీపుత్ర పులుమావితో దొరుకుతుంది. అంతకుముందు ఈ ప్రాంతంలో ‘సద’ నామాంతం గల రాజులు ఉన్నట్లు గుంటుపల్లి శాసనం, వడ్డమాను నాణేలు తెలుపుతున్నాయి. ఆంధ్రోద్యమకాలపు రచయితలకు శాతవాహనుల తొలి రాజధాని కృష్ణాతీరంలో ఉండడం ఒక విశ్వాసం, ఒక అవసరం కూడా. బాపిరాజు దానిని పంచుకున్నాడు. దీనిని కేవలం కాలదోషమని కొట్టివేస్తే నవల నిర్మాణం అర్థం కాదు. యువరాజు నాసిక్‌లో ఉంటే ఈ స్తూపం, ఈ రేవు, ఈ శిల్పిశాలలు కుట్రకు అందవు. కథకు కావలసిన స్థలంకోసం రాజవంశాన్నే తూర్పుకు తరలించాడు.

బాపిరాజు మరో నవల ‘అడివి శాంతిశ్రీ’కి రంగమైన విజయపురి, అనగా నాగార్జునకొండ లోయ, 1926లో వెలుగుచూసింది. ఆయన మరణానంతరం 1955లో నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగింది, ఎంపికచేసిన కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు దీవి. ధాన్యకటకం మునగలేదు. దాని కోటగోడ మట్టిగట్టుగా ధరణికోటలో ఉంది, నాళాగిరి ఫలకం చెన్నైలో, ఇలియట్ తీయించిన రాళ్లు లండనులో ఉన్నాయి.